కార్యదర్శి సారు గోడమీదే ఉంచిన పేరు

మా విజ్ఞాన సంఘం కార్యదర్శి సారు పోయారు. మొన్న పొద్దున వికారాబాద్ బండిలోంచి దిగిన ఆయన అల్లుడు తాండూరు స్టేషన్ బయటే నాకు ఆ మాట చెప్పి, సారు నాకే ఇమ్మన్నారంటూ సంఘం గది తాళంచెవి చేతిలో పెట్టాడు. చివరి నెలల్లో సారు వికారాబాద్‌లో కూతురింట్లో ఉన్నారు. వెళ్లి చూడాలని ప్రతి ఆదివారం అనుకున్నాను. వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో దాచకుండా చెప్పాలి.

బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి ఆయన. హైదరాబాదులో పాత పుస్తకాల బండిమీద విక్టోరియా రాణి కాలంనాటి ఒక ఇంగ్లండు శాస్త్ర సంఘం నిబంధనల పుస్తకం దొరికితే, దాన్ని తెలుగులో రాసుకుని, నాపరాళ్ల దుకాణం మీది గదిలో మా సంఘం పెట్టారు. కొత్తవాళ్లను చేర్చుకోవాలంటే పేరు రాసిన చీటీ రెండు సమావేశాలపాటు గోడమీద ఉండాలి. ఆ తర్వాత రహస్యంగా ఓటు. ఇంగ్లండులో తెల్ల బంతులు, నల్ల బంతులు వేసేవారట. మాకు సారు తలా ఒక జొన్నగింజ, ఒక మినపగింజ ఇచ్చేవారు. గుడ్డ కప్పిన కూజాలో చెయ్యిపెట్టి, ఇష్టమైతే జొన్న, కాకపోతే మినుము వదలాలి. మిగిలిన గింజ నోట్లో వేసుకుని నమిలెయ్యాలి. ఎవరేం నమిలారో ఎవరికీ తెలియదు.

నాకప్పుడు ఇరవై ఏళ్లు. చేతికందిన కరపత్రమల్లా చదివేవాణ్ని. పాతదేది కనబడ్డా కూలగొట్టాలనిపించేది.

కోట్‌పల్లి వైపు గొర్రెలు కాసే తాత ఒకాయన ఉండేవాడు. వాన కురిసిన ప్రతిరోజుకూ నల్ల ఉన్నితాడుకు ఒక ముడి వేసేవాడు. పెద్ద వానకు పెద్ద ముడి. ఏడాదికో తాడు. అవి చూసి సారు "ఇది వానల దస్తరం తమ్మీ!" అని మురిసిపోయారు. తాత పేరు నేనే ప్రతిపాదించాను. చీటీ గోడకెక్కింది.

ఓటు రోజున తాత గొంగడి దులుపుకుని వచ్చి మెట్ల కింద కూర్చున్నాడు. సారు కూజా బయటికి తీయగానే నాకు ఒళ్లు మండింది.

"తెల్లోడు పాయె, నిజాం పాయె, మీ రాణిగారి రూల్సు మాత్రం పోవాయె! దొంగల లెక్క కూజల చెయ్యి పెట్టుడేంది సార్? ఇష్టమున్నోళ్లు దర్జగ చెయ్యెత్తుండ్రి!"

"జర ఆగు తమ్మీ," అన్నారు సారు. "నీకు భయం లేదు. అందరు నీలెక్కనే అనుకుంటున్నవ్."

అధ్యక్షుడు నవ్వాడు. ఆయన పెద్ద భూస్వామి. సభ్యుల్లో సగంమంది ఆయన పొలాలు కౌలుకు చేసేవాళ్లే. "పిల్లగాడు సక్కగనే చెప్పిండు. ఎత్తుండ్రి, గొర్లోనికి ఎవరెవరు ఎత్తుతరో నేన్ సూస్త," అన్నాడు.

నా చెయ్యి లేచింది. సారుది లేచింది. సభ్యుల్లో ఒకడైన కాంపౌండరు చెయ్యి భుజందాకా వచ్చి, అధ్యక్షుడి ముఖం చూసి, తల గోక్కుని దిగిపోయింది. అంతే.

కిందికి వెళ్లి చెప్పాను. "గంతేనా? దానికెందుకు గంత ఫికర్ పటేలా," అన్నాడు తాత, చెప్పులు తొడుక్కుంటూ. "మీరు చెయ్యెత్తకుంటె వాన పడకుంటుందా?" ఆ మెట్ల దగ్గరికి మళ్లీ రాలేదు. తర్వాత మందను తోలుకుని కొడంగల్ దిక్కు పోయాడన్నారు.

నేను సిగ్గుపడాల్సింది పోయి, తప్పంతా సారుమీద వేశాను. సంఘం మానేశాను. బజారులో ఎదురైతే ఆయన మాత్రం ఆగి, "ఆదివారం నాలుగింటికి," అనేవారు. ఒకసారి కసిరాను, నేను సభ్యుణ్ని కాదు పొమ్మని. "మానేస్తె రాసియ్యాలె. నువ్వు రాసియ్యలే. ఇంకా సభ్యుడివే తమ్మీ," అని నవ్వి వెళ్లిపోయారు.

మొన్న గది తెరిచాను. సమావేశాల పుస్తకంలో ఆనాటి పేజీ వెతికాను. చేతులెత్తమన్నది ఎవరో రాయలేదు. "నిబంధన ప్రకారం ఓటు జరగలేదు. పేరు గోడమీదనే ఉంచడమైనది," అని ఉంది. తర్వాతి సమావేశం చివరా అదే వాక్యం. ఆ పై సమావేశం చివరా అదే. ఆరేళ్లు.

తలెత్తి చూశాను. చీటీ అక్కడే ఉంది. కాగితం పసుపుబారింది. వెలిసిపోయిన తాత పేరుమీద ఎన్నోసార్లు సిరా దిద్ది ఉంది. మూలల్లో మైదా జిగురు పొరలు పొరలుగా ఎండిపోయింది. వికారాబాద్ వెళ్లేముందు అంటించినట్టున్నారు, పై పొర మాత్రం ఇంకా తెల్లగానే ఉంది.