మాటల ఇంటిపేర్లు వెతికిన రామానుజం

రామానుజం మావను భజన మందిరంలోంచి వెళ్లగొట్టిన సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. ఏం తప్పు చేశాడాయన? తాగాడా? తగువులకు పోయాడా? పిల్లలకు నాలుగు ఇంగ్లీషు మాటలు నేర్పాడు. అంతే!

నేను నరసమ్మను. సముద్రం అవతలి ఈ దీవిలో, రోజ్ బెల్ అనే ఊళ్లో, చెరకు తోటల పక్కన మాకో చిన్న కొట్టు ఉండేది. బియ్యం, ఉప్పుచేప, కిరసనాయిలు అమ్మేదాన్ని. ఎదురుగా రేకుల కప్పు వేసిన భజన మందిరం. అందులో దీపం ముందు నిలబడి పాట ఎత్తుకునేవాడు రామానుజం. ఆయన తండ్రి విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినప్పుడు తెచ్చుకున్నవి తాళాలు, పాటలే. తండ్రి పోయాక అవి ఈయనకు దక్కాయి. పెళ్లాం లేదు, పిల్లలు లేరు. ఆ దీపం ముందు పాడడమే ఆయన బతుకు.

వయసులో ఉండగా సుయాక్ అనే ఊరి కోర్టులో బంట్రోతుగా చేశాడు. అక్కడ ఎవరో అట్టలూడిన ఇంగ్లీషు నిఘంటువు పారేస్తే ఇంటికి తెచ్చుకున్నాడు. ఇంక చూసుకోండి, పిచ్చి పట్టుకుంది. ఒకేలా వినిపించే మాటలు కనబడితే చాలు, అన్నం కూడా మరిచిపోయేవాడు.

"మడిసికైనా మాటకైనా ఇంటిపేరు ఉండాల, నరసమ్మా. పైకి కవలల్లాగుంటాయి గానీ ఏది ఏ ఇంట పుట్టిందో సూడాల" అనేవాడు.

"మన పెద్దోళ్లు ఓడ దిగినప్పుడు పేర్లు రాసుకున్న గుమస్తా మన ఇంటిపేర్లే ఎగరగొట్టేసినాడు. నువ్వు దొరల మాటలకి ఎతుకుతున్నావేటి మావా?" అని నేను ఏడిపించేదాన్ని.

"అందుకేనే ఎతుకుతున్నాను" అనేవాడు.

చెప్పడంలోనూ ఆయనదో పద్ధతి. సాయంత్రం భజనకు ముందు పిల్లలను దీపం చుట్టూ నిలబెట్టి, భజన వరసలోనే మాటలు పాడించేవాడు. ఆయన ఇంగ్లీషు మాట అనాలి, పిల్లలు తెలుగులో అర్థం అందుకోవాలి. ఒక ప్యాలెట్ అంటే అంగిలి. ఇంకో ప్యాలెట్ అంటే గడ్డి పరుపు. వినడానికి అక్కచెల్లెళ్లే, పుట్టుకలో మాత్రం ఏ చుట్టరికమూ లేదు. "రెండోదాని చుట్టాలు మీ నోట్లోనే ఉన్నార్రా! ఇంటి కప్పు మీద గడ్డిని క్రియోల్‌లో ఏటంటారు? లపాయ్! ఇదీ అదీ ఒక ఇంటివే" అంటే పిల్లలు పడీపడీ నవ్వేవారు. పొద్దస్తమానం ఈ దీవి భాష క్రియోల్‌లోనే వాగే ఆ పిల్లలకు నాలుగు తెలుగు ముక్కలు అబ్బాయంటే, ఆ ఇంగ్లీషు పాటల పుణ్యమే. ఈ మాట పెద్దలెవరికీ పట్టలేదు.

ఒకనాడు 'క్యానన్' అనే మాట ఎత్తుకున్నాడు. ఒక క్యానన్ అంటే చర్చివాళ్ల శాసనం. ఇంకో క్యానన్ అంటే ఫిరంగి. చెరకును కేన్ అంటారు. ఈ మూడూ రెల్లుగడ అనే అర్థం ఉన్న ఏదో పాత మాట నుంచే వచ్చాయట. గడ నిటారుగా ఉంటుంది కనుక కొలబద్ద అయింది, కొలబద్ద కాస్తా శాసనమయింది. గడ లోపల బోలుగా ఉంటుంది కనుక గొట్టమయింది, గొట్టం ఫిరంగి అయింది. తియ్యటి గడ చెరకయింది. పిల్లలు తాళం వేస్తూ, "శాసనమూ ఫిరంగీ చెరకూ, ఒక్క తల్లి బిడ్డలే" అని వీధి దద్దరిల్లేలా పాడారు. నా కొట్టు ముందు నిలబడ్డ కూలీలు ఒకరి మొహాలొకరు చూసుకుని పగలబడి నవ్వారు. ఈ దీవిలో ఆ మూడూ ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లకు వేరే చెప్పాలా?

ఆ నవ్వే కొంప ముంచింది. మందిరం పెద్ద కృష్ణస్వామి. అతను సాగుచేసే చెరకు భూమి ఎస్టేటు దగ్గర కౌలుకు తీసుకున్నది. ఈ పాట ఎస్టేటు మేనేజరు మార్సెల్ దొర చెవిన పడితే కౌలు ఊడుతుందని అతని గుండెల్లో రాయి పడింది. ఆ మాట పైకి చెప్పుకుంటే పరువు తక్కువ కదా! అందుకని దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాడు.

"సింహాద్రప్పన్న దీపం ముందు కిరస్తానీ మాటలు పాడిత్తావా? మందిరం మైలపడిపోనాది. ఆ పిచ్చి మానేత్తావా, దీపం వదిలేత్తావా?" అని అందరి ముందూ నిలదీశాడు.

"మాటకి మైలేటి బాబూ?" అన్నాడు రామానుజం.

"ఎదురు సెప్పకు. ఇంక పిల్లలకి సెప్పనని ఒట్టెయ్యి!"

"వొచ్చి అడిగితే సెప్పకుండా ఉండలేను బాబూ" అని, తాళాలు దీపం దగ్గర పెట్టి బయటకు వచ్చేశాడు. తండ్రి తాళాలవి! అవీ మందిరానివేనని కృష్ణస్వామి ఉంచేసుకున్నాడు. సిగ్గు లేకపోతే సరి.

ఆ మర్నాటి నుంచి రామానుజం నా కొట్టు అరుగు మీద కూర్చుని పిల్లలకు చెప్పేవాడు. చెబుతూనే ఉండేవాడు గానీ, ఎదురుగా భజన మొదలైతే పాఠం ఆపేసి అటే చెవి ఒగ్గేవాడు. ఆ మొహం చూడలేక నేను లోపలికి పోయేదాన్ని.

ఇంతలో అప్పన్న పూజ వచ్చింది. పాట ఎత్తుకోవడానికి కృష్ణస్వామి తన అల్లుణ్ణి నిలబెట్టాడు. ఆ కుర్రాడికి తెలుగు అక్షరం ముక్క రాదు. బట్టీపట్టిన పాటకు అర్థం అసలే తెలియదు. అర్థం చెబితే మైలట, అర్థం తెలియకుండా దేవుడి ముందు పాడితే మడట! ఎక్కడైనా ఉందా ఈ చోద్యం?

మా భజనలో ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకోవాలి. అందుకునేదాకా దీపం చుట్టూ అడుగు పడకూడదు. ప్రదక్షిణం నిండకపోతే పూజ కానట్టే. అందుకే నేనూ పక్కింటి పైడమ్మా ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లనూ మగవాళ్లనూ ఒప్పించాం. ఎవరూ నోరు విప్పకూడదు. అప్పుడు ఆ పెద్దమనిషే వచ్చి రామానుజం మావను బతిమాలుకోక ఏం చేస్తాడు?

మందిరం నిండా జనం. అల్లుడు పాట ఎత్తుకున్నాడు. ఒక్కరూ అందుకోలేదు. మళ్లీ ఎత్తుకున్నాడు, మాటలు తడబడ్డాయి. కృష్ణస్వామి చెమటలు తుడుచుకుంటూ, "పాడండర్రా, దేవుడి కాడ ఇదేటి?" అన్నాడు. నేను పళ్లు బిగించుకుని నిలబడ్డాను. అతను గుమ్మం వైపు చూశాడు, నా కొట్టు వైపు ఒక అడుగు కూడా వేశాడు. ఇంకొక్క క్షణం ఆగితే దిగివచ్చేవాడే.

సరిగ్గా అప్పుడే బయట నుంచి గొంతు వినిపించింది. అరుగు మీద కూర్చున్న రామానుజం మావ పాట అందుకున్నాడు. ఒక్కడే, తాళాలు లేక చప్పట్లు కొడుతూ, గొంతెత్తి పాడాడు. అల్లుడు ఊపిరి పీల్చుకుని తర్వాతి చరణం అన్నాడు. ఆయన దాన్నీ అందుకున్నాడు. దీపం చుట్టూ అడుగు పడింది. ఆయనే పాడుతుంటే ఇంక మేం ఎవరి కోసం నోళ్లు మూసుకోవాలి?

పూజ అవగానే వెళ్లి ఆయన మీద విరుచుకుపడ్డాను. "ఏటి మావా ఈ పని? నీ దీపం నీకొచ్చేసేది కదా!"

"ఆ కుర్రోడు ఎంత బయపడిపోనాడో నువ్వు సూడలేదేటే? పాట అలా మద్దిన వదిలేత్తామా?" అన్నాడు.

ఎవరి మీద జాలి! మళ్లీ ఆయనను లోపలికి పిలవవలసిన అవసరం కృష్ణస్వామికి కలగనే లేదు. ఏటా పూజకు అల్లుడు లోపల ఎత్తుకోవడం, రామానుజం మావ బయట కూర్చుని అందుకోవడం, ఆయన పోయేదాకా అదే వరస. ఎంత మంచివాడో అని ఊరంతా మెచ్చుకుంటారు. మెచ్చుకోరూ మరి! అంత మంచివాడు కాబట్టే కదా, ఆ దీపం మొహం మళ్లీ చూడకుండా పోయాడు.