తోలు తలకు సెగ

పాతబస్తీ జహనుమాలో ఎల్లప్ప ఎవరంటే ఇప్పటి పిల్లలు చెప్పలేరు గానీ, వాళ్ల తాతల్ని అడగండి. పెళ్లి బారాతులో మోగిన మర్ఫాకైనా, బోనాల్లో మోగిన డప్పుకైనా తోలు బిగించింది ఆయనే. ఆషాఢం వచ్చిందంటే దుకాణం ముందు కాలు పెట్టే సందుండేది కాదు. "అన్నా, నాది ముందుగాల" అని ఒకడు, "భాయ్, పహ్లే మేరా" అని ఇంకొకడు. ఆ లొల్లిలోనే భార్య ఆగమ్మ అందరికీ చాయ్ పోసేది. ఎంత మంచి రోజులవి! తర్వాత ప్లాస్టిక్ పొరలొచ్చాయి. వానకు సడలవు, ఎండకు బిగుసుకోవు, మోత మాత్రం రేకుడబ్బా మోతే. జనానికి అదే నచ్చింది, ఏం చేస్తాం.

ఎల్లప్పకు ఒక్క దిగులు మాత్రం ఎప్పటినుంచో ఉంది. యాభై ఏళ్లలో వేల డప్పులు చేశాడు. కొట్టినవాళ్లకు పేరొచ్చింది, కొట్టించినవాళ్లకూ పేరొచ్చింది. చేసినవాడి పేరు ఒక్కదాని మీదా లేదు.

మొన్న వేసవిలో మలక్‌పేట నుంచి ప్రేమ్‌రాజ్ వచ్చాడు. రైల్వేలో రిటైరయ్యాక దేశదేశాల ఆటల మాస్కులు పోగేసే పిచ్చి పట్టిన మనిషి. ఆయన తెచ్చిన గుడ్డమూట విప్పగానే ఆగమ్మ "అమ్మో!" అని వెనక్కి జరిగింది. అచ్చం మనిషి తలే. చెక్కతో మలిచి, మీద తోలు తొడిగారు. కళ్లు, పళ్లు, కొప్పు అన్నీ ఉన్నాయి. మెడ కింద చిన్న బుట్ట.

"ఆఫ్రికాల ఎజాఘం అనేటోళ్లది ఇది. గీ బుట్టను నెత్తికి కట్టుకొని ఆడుతరంట. నైజీరియాల పంతులుగ చేసొచ్చిన ఒకాయన ఇంట్ల దొరికింది. మన ఎండలకు చెంపకాడ తోలు లేస్తున్నది, ఎల్లప్పా" అన్నాడు ప్రేమ్‌రాజ్.

ఎల్లప్ప వేలితో ఆ చెంప నిమిరాడు. జింకజాతి తోలు. నానబెట్టి, ముక్కు దగ్గర, పెదవుల దగ్గర ఒత్తి, ఆరేదాకా కట్టి ఉంచి ఉంటారు. ఎక్కడా ఒక్క ముడత లేదు. చిన్నప్పుడు నాయన తన చేతులు పట్టుకుని తడితోలు లాగించడం గుర్తొచ్చి ఆయన కళ్లు చెమర్చాయి.

"ఎవలు చేసిండ్రు సార్ దీన్ని?"

"పేరు తెల్వదు. ఎవ్వరూ రాసిపెట్టలే. నా కాడ మాత్రం ప్రతిదానికి చీటీ ఉంటది. ఎక్కడిది, ఎట్లొచ్చింది, ఎవరు బాగుచేసిండ్రు, అన్నీ రాస్త."

"నా పేరు గూడ రాస్తరా?"

"రాయకేం చేస్త!"

ఆ మాటకే ఎల్లప్ప పడిపోయాడు. లేచిన తోలును తడిగుడ్డతో మెత్తబరిచి, చింతగింజల జిగురు పట్టించి, గుడ్డపీలికలతో కట్టాడు. మూడోనాడు పొద్దున కట్లు విప్పితే చెంప నున్నగా కూర్చుంది. అక్కడితో ఆగి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ యాభై ఏళ్ల అలవాటు ఆగనిస్తేగా! తోలు బిగిసేలా సెగ చూపించకుండా ఏ డప్పునూ ఆయన గడప దాటించలేదు. వాకిట్లో గుప్పెడు గడ్డి అంటించి, తలను రెండు చేతులా పట్టి మంట పైన తిప్పాడు. మోత వినడానికి వేలితో చెంప మీద కొట్టాడు కూడా. టప్పుమంది. చెవి నుంచి గడ్డం దాకా తోలు చీలిపోయింది.

"డప్పనుకున్నవా ఏంది దాన్ని!" అని ఆగమ్మ నెత్తి కొట్టుకుంది. కాసేపటికి తనే గొంతు తగ్గించి, "ఎట్లాగూ పాతది గద. అతికించి ఇయ్యి. ఆయనకేం ఎరుక?" అంది.

ఎల్లప్ప చీలిక కింద పలచటి మేకతోలు పెట్టి అతికించాడు. ఎంత బాగా అతికిందంటే, వెతికితే తప్ప వెంట్రుకంత గీత కూడా కనబడదు. పాడు చేసిందీ ఆ చేతులే, బాగు చేసిందీ ఆ చేతులే.

అది ఆరిన మూడు రోజులకు, సాయంత్రం ప్రేమ్‌రాజ్ వచ్చి చూసి మురిసిపోయాడు. "మస్తు చేసినవ్!" అంటూ జేబులోంచి చీటీ తీసి, 'బాగు చేసినది: ఎల్లప్ప, జహనుమా' అని పైకి చదువుతూ రాశాడు. యాభై ఏళ్లుగా కోరుకున్న పేరు కళ్ల ముందే కాగితం మీదికి ఎక్కింది. ఆగమ్మ కొంగుతో నోరు మూసుకుని నిలబడింది.

"ఆగుర్రి సార్," అన్నాడు ఎల్లప్ప. సెగ సంగతి మొత్తం చెప్పేశాడు.

ప్రేమ్‌రాజ్ మొహం కందగడ్డయింది. తలను ఒళ్లో పెట్టుకుని ఆ గీతను చాలాసేపు వెతికి పట్టుకున్నాడు. "నువ్వు చెప్పకపోతే నాకు తెల్వకనే పోతుండె. ఎందుకు చెప్పినవ్?"

"చేసినాయన పేరు ఎట్లాగూ పోయింది సార్. రేపు ఎవలన్న గీ గీత చూసి, గాయనకే పని రాదనుకుంటే? గా మాట గాయన మీద పడొద్దు. తోలు చీల్చింది ఎల్లప్పనే అని రాయుర్రి."

ప్రేమ్‌రాజ్ చీటీని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. 'బాగు చేసినది' అన్న వరస కిందే, ఎల్లప్ప చెప్పిన ఆ మాట కూడా రాశాడు.