బస్సు దిగేదాకా అమ్మ

కండక్టరు ఆవిడకి పెట్టిన పేరు కోళ్ళగంప. ఇంకొకరైతే అతన్ని అక్కడికక్కడే నాలుగు దులిపేసేవారు. ఆవిడ మాత్రం నవ్వేసి, "గంపనెలా అవుతాను బాబూ? గంపైతే హాయిగా ఒకచోట బోర్లా పడుండేదాన్నిగా. కోడిని అను, ఒప్పుకుంటా" అంది. అన్న మాట నిజమే. యాభై మూడేళ్ళ మనిషి, మొరాయించే కుడి మోకాలు, ఆరు నీళ్ళ సీసాలూ ఆరు జతల పొడి బట్టలూ కుక్కిన సంచీ, చుట్టూ ఐదేళ్ళు నిండని ఆరుగురు పిల్లలు. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నర బస్సులో ఆ పటాలమంతా కదలాలి.

వాళ్ళెవరూ ఆవిడ పిల్లలు కారు. తల్లులు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తారు. అక్కడ షిఫ్టు ఆరింటికి మొదలు. పిల్లల్ని చూసుకునే కేంద్రం తలుపులు తెరిచేది తొమ్మిదింటికి. ఆ మూడు గంటలు పిల్లలు ఎక్కడుండాలో ఫ్యాక్టరీ వాళ్ళకీ పట్టలేదు, కేంద్రం వాళ్ళకీ పట్టలేదు. ఆ కేంద్రంలోనే ఆయాగా చేస్తున్న ఈవిడకి పట్టింది. నిద్రమొహాలతో వచ్చి తన ఒంటిగదిలో పడే పిల్లలకి మొహాలు కడిగి, పాలు తాగించి, ఎనిమిది స్టాపుల అవతలికి చేర్చే పని నెత్తికెత్తుకుంది. సాయంత్రం తల్లులే వచ్చి ఎవరి పిల్లల్ని వాళ్ళు తీసుకెళ్ళేవారు.

చిక్కల్లా టికెట్టు దగ్గరే. టికెట్టు కొన్న ఒక్కో పెద్ద మనిషి వెంట ఐదేళ్ళలోపు పిల్లలు ఇద్దరు ఉచితం. ఇద్దరంటే ఇద్దరే. మిగతా నలుగురికీ అరటికెట్టు కొనడం మొదలుపెడితే తల్లులిచ్చేదంతా బస్సే మింగేస్తుంది. ఇంకాస్త ఇవ్వమనడానికి ఆవిడకి నోరు రాదు. అందుకని రూలు రాసిన బోర్డును ఒకటికి రెండుసార్లు చదివి, అందులో ఆ ఇద్దరూ ఎవరి పిల్లలై ఉండాలో రాయలేదని కనిపెట్టింది. రాసినవాళ్ళకి తట్టలేదు, ఆవిడకి తట్టింది. మర్నాటి నుంచి బస్టాపులో పిల్లల్ని అరువివ్వడం మొదలైంది.

"ఒక్క ఎనిమిది స్టాపులు. చెయ్యి పట్టుకుంటే చాలు" అని అడిగేది. అడిగేముందు మనిషిని తూకం వేసేది. "అబ్బ, ఎంత ముద్దొస్తున్నారో!" అని బుగ్గలు లాగేవాళ్ళకి చచ్చినా ఇచ్చేది కాదు. వాళ్ళ ముచ్చట రెండు స్టాపుల్లో తీరిపోతుందని ఆవిడ నమ్మకం. ఫోనులో తల దూర్చినవాళ్ళూ పనికిరారు. పిల్ల బూటు తాడు ఊడిందని తమంతట తాము చూసినవాళ్ళయితే మంచివాళ్ళు. కండక్టరు అంతా చూస్తూనే, "ఎవరి చేతిలో ఎవరి చెయ్యుంటే వాళ్ళ పిల్లే. నాకదే లెక్క" అనేవాడు.

అలా దొరికిన మనిషే ఆస్పత్రి నర్సు. రాత్రి డ్యూటీ దిగి ఆ బస్సులో ఇంటికెళ్ళే ఆ అమ్మాయికి ఎప్పుడూ ఒకే పిల్ల వంతు వచ్చేది. నాలుగేళ్ళది, పేరు ఏదైనా అందరూ నిదానం అనే పిలిచేవారు. పాలు తాగడం నిదానం, మెట్లెక్కడం నిదానం, ఏమడిగినా జవాబు మరీ నిదానం. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు.

ఆ రోజు ఒక పిల్లాడు సరిగ్గా కేంద్రం స్టాపు ముందే వాంతి చేసుకున్నాడు. ఆవిడ వాడిని భుజాన వేసుకుని, తడిసిన చొక్కా ఒక చేత్తో విప్పుతూ దిగింది. రోజూ మెట్టు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ అందుకుంటూ లెక్కపెట్టే మనిషి, ఆ రోజు అందినవాళ్ళని అందుకుని, భుజం మీదున్నవాడిని రెండుసార్లు లెక్కపెట్టింది. బస్సు మలుపు తిరిగాక చూసుకుంటే ఐదుగురే ఉన్నారు.

ఆ ఐదుగురినీ కేంద్రం వంటామె చేతిలో పెట్టి రోడ్డు మీదికి పరుగెత్తింది. ఇన్నేళ్ళలో కండక్టరు ఫోను నంబరు ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. తరువాతి బస్సు పన్నెండు నిమిషాలకి వచ్చింది. ఆ పన్నెండు నిమిషాల్లో ఆవిడ పడ్డ నరకం పగవాళ్ళకి కూడా వద్దు. ఆ నర్సు ఇల్లెక్కడో తెలీదు, ఊరేదో తెలీదు. కన్న తల్లి నమ్మి వదిలితే, బూటు తాడు కట్టిందన్న ఒక్క గుణం చూసి పిల్లని ఎవరికో ఇచ్చేశానే అని తలబాదుకుంది.

ఆఖరి స్టాపులో దిగేసరికి ముందు వెళ్ళిన బస్సు ఖాళీగా ఆగి ఉంది. నర్సు మెట్టు మీద కూర్చుని ఏడుస్తోంది. పక్కన నిదానం నిమ్మళంగా కాళ్ళూపుతోంది.

"కన్ను మూతపడింది పిన్నీ. రెండు రాత్రులు వరసగా చేశాను. కండక్టరు లేపేదాకా తెలీలేదు" అంది నర్సు.

ఆవిడ పిల్లని లాక్కుని గుండెకి అదుముకుంది. "ఆంటీని లేపొచ్చు కదే తల్లీ? మన స్టాపు పోయిందని చెప్పొచ్చు కదా?"

నిదానం కాస్త ఆలోచించి చెప్పింది. "పడుకుంది కదా అమ్మమ్మా. అమ్మ పడుకుంటే లేపకూడదు."

కండక్టరు పక్కకి పిలిచాడు. "పిల్ల దొరికిందిగా. ఈ సంగతి మన ముగ్గురి మధ్యే ఉండనివ్వండమ్మా. తెలిస్తే రేపట్నుంచి ఒక్క తల్లీ మీ గడప తొక్కదు."

తొక్కదని ఆవిడకీ తెలుసు. ఆయా ఉద్యోగం కూడా పోవచ్చు. నిదానం నోరు విప్పే రకం కాదు. సాయంత్రం దాకా ఆ మాటలే తల్లో తిప్పుకుంది. తీరా నిదానం తల్లి గేటు దగ్గరికి రాగానే, ఆ మనిషి కళ్ళలోకి చూస్తూ దాచడం ఆవిడ వల్ల కాలేదు. పిల్ల అన్న మాటతో సహా మొత్తం చెప్పేసింది. తల్లి పిల్లని ఎత్తుకుని వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు ఐదుగురు పిల్లలే వచ్చారు. పాలు ఐదు గ్లాసుల్లోనే పోసి, ఆరో గ్లాసు వంక చూడకుండా బస్టాపుకి నడిచింది. అక్కడ నిదానం తల్లి పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. పూట జీతం వదులుకుని వచ్చిందన్నమాట. నర్సు అటు చివర తలదించుకుని నిలబడింది.

"ఆవిడేనా పిన్నీ?"

"నువ్వేమనాలన్నా నన్ను అను. ఆ అమ్మాయి తప్పేం లేదు."

తల్లి వినిపించుకోకుండా సరాసరి నర్సు దగ్గరికి వెళ్ళింది. ఆవిడ మోకాలి నొప్పి మరిచి వెనకే పరుగు తీసింది.

"మా పిల్ల మిమ్మల్ని లేపలేదటగా?"

"లేదండీ. తప్పయిపోయింది."

"నన్నూ లేపదు. సెలవు రోజు ఏ పదింటికో కళ్ళు తెరిస్తే, పక్కనే కూర్చుని చూస్తూ ఉంటుంది. ఎప్పట్నుంచి కూర్చుందో, ఎంత ఆకలేసిందో చెప్పదు. బుద్ధిమంతురాలని మురిసిపోయాను." తల్లి కిందికి వంగి పిల్ల భుజాలు పట్టుకుంది. "చూడమ్మా, ఈ ఆంటీ పడుకుంటే లేపు. అమ్మనైనా సరే లేపు. గట్టిగా అరిచి లేపాలి. ఏదీ, అరువు!"

"అమ్మా" అంది నిదానం.

"అది నాకే వినపడలేదు. ఇంకా గట్టిగా."

"అమ్మా!"

"ఇంకా!"

నిదానం ఊపిరి పీల్చుకుని, కళ్ళు మూసుకుని, రెండు పిడికిళ్ళూ బిగించి ఒక్క కేక పెట్టింది. స్టాపులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. అప్పుడే వస్తున్న బస్సు డ్రైవరు ఎవరికేమైందోనని స్టాపుకి పది గజాల ముందే బ్రేకు తొక్కాడు.

"ఆఁ, అలా" అంది తల్లి. పిల్ల చెయ్యి తీసి నర్సు చేతిలో పెట్టింది.