సెప్టెంబరు పదిహేడున దాదా అన్న మాట

గల్ఫ్‌లో మేముండే రూమ్‌లో అందరికీ పెద్ద అయిన దాదా పోయిన నెల చనిపోయాడు. రైసూత్ ఓడరేవులో డ్యూటీ దిగి వస్తూ బస్సు మెట్ల మీదే కూలబడ్డాడు. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది.

దాదా అంటే గోండు భాషలో అన్న. నేను కొత్తగా వచ్చిన రోజు ఊరి పేరు అడిగాడు, తాత పేరు అడిగాడు. తాత పేరు ఇంకోసారి చెప్పించుకున్నాడు. తర్వాత తన కింది మంచం నాకిచ్చి తాను పైకెక్కాడు. నాకు జ్వరం వస్తే పక్కన కూర్చుని జొన్న గటక తాగించేవాడు. వండిన ప్రతిసారీ మొదటి ముద్ద తీసి కిటికీలో పెట్టి, “పెద్దలకు” అనేవాడు.

కిందటేడు సెప్టెంబరు పదిహేడున, నిజాం రాజ్యం దేశంలో కలిసిన రోజని రూమ్‌లో మిఠాయి పంచారు. ఒకడు విమోచనం అన్నాడు, ఇంకొకడు కాదు విలీనం అన్నాడు. మాటా మాటా పెరిగి చివరికి దాదాను అడిగారు. ఆయన ఉల్లిగడ్డలు కోస్తూనే చెప్పాడు.

“మీకొచ్చినదానికి మీరు పేరు పెట్టుకుంటున్రు. మాకు పోయినదానికి పేరెవలు పెడ్తరు?”

ఏం పోయిందని తర్వాత నేను విడిగా అడిగాను.

“భూమి. రాజ్యం మారినంక మీ తాత దున్నుకున్న వాగు పక్క చేను మాదే. మా అవ్వను పెట్టిన కాడ పాతిన రాయి ఇంక అండ్లనే ఉన్నది.”

ఆ చేని పత్తితోనే నేను చదువుకున్నాను. చిన్నప్పుడు ఆ రాయి మీద కూర్చునే సద్ది తిన్నాను.

“ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే, దాదా?”

“చెప్తే నా మంచం కింద నీకు నిద్ర పడ్తుండెనా?”

నేను మాఫీ చెయ్యమనబోతే చేత్తో ఆపాడు. “మాఫీతోని నాకేం పని? సచ్చినంక నన్ను మా అవ్వ పక్కన పెట్టనియ్యున్రి. అంతే.”

మా బాపుతో మాట్లాడతానని మాటిచ్చాను. ఏడాది గడిచినా మాట్లాడలేదు. వారం వారం ఫోన్ చేసి వానల సంగతి అడిగాను, ఆ చేని సంగతి ఎత్తలేదు. దాదా ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు.

శవపేటిక విమానం ఎక్కిన రోజు బాపుకు ఫోన్ చేసి అడిగాను.

“పత్తి పూత మీదున్నది,” అన్నాడు బాపు. “ఇయ్యాల ఒక్కన్ని పెట్టనిస్తె రేపు చేనడుగుతరు.”

“మాటిచ్చిన, బాపూ.”

“మాట నీది. చేను నాది.”

దాదా కొడుకు ఒక వీడియో పంపాడు. వాన పడుతోంది. నలుగురు పాడె మోస్తూ మా చేని కంచె వెంట నడుస్తున్నారు. ఒకచోట బాట ఇరుకైంది. కంచె దాటి బయటికి వాలిన పత్తి కొమ్మలు విరగకుండా, పాడెను భుజాల మీంచి ఇంకా పైకెత్తి, పక్కకు ఒరిగి, మెల్లగా దాటుతున్నారు.