ఆవిడ నవ్విన సంచిక

అతని గొంతును అతని చేతే కోయించారు. కోయమన్నది పరాయివాడు కాదు, సొంత అక్క మొగుడు.

ఆ రోజుల్లో బావ పాటల పత్రిక నడిపేవాడు. చదివేది కాదు, వినేది. నెలకో క్యాసెట్టు: ఒకవైపు కబుర్లు, ఇంటర్వ్యూలు, రెండోవైపు కొత్త పాటలు. బావ సంపాదకుడు. బావమరిది టేపును కోసి అతికించేవాడు, అందుకే అతనికి బ్లేడు అని పేరు పడింది.

ఎవరితోనూ మాట్లాడని ఒక పెద్ద గాయని ఎట్టకేలకు ఒప్పుకున్న రోజున బావ జ్వరంతో పడ్డాడు. రికార్డరు భుజాన వేసుకుని బ్లేడే వెళ్లాడు. రాసిచ్చిన ప్రశ్నలు అడుగుతూ మధ్యలో తనకు తోచిందేదో అన్నాడు. ఆవిడ పగలబడి నవ్వింది. తిరిగొచ్చేదాకా అతని కాళ్లు నేల మీద ఆనలేదు.

బావ ఆ టేపు వినను కూడా లేదు. "ప్రశ్నలు నేను చదువుతాలే. నీ ముక్కలు తీసేసి నావి అతికించు."

"అడిగింది నేను కదా బావా?"

"అడగడం ఎవడైనా అడుగుతాడు. జనానికి తెలిసిన గొంతు నాదిరా."

వంటింట్లోంచి అక్క వంత పాడింది. బ్లేడు కోశాడు. తన మాటలన్నీ చెత్తబుట్టలో పడ్డాయి. ఆవిడ నవ్వు మీద మాత్రం చెయ్యి ఆడలేదు, వదిలేశాడు.

క్యాసెట్టులో బావ గంభీరంగా "మీకు పాట నేర్పింది ఎవరు?" అంటాడు, ఆవిడ విరగబడి నవ్వుతుంది. జనం ఆ ప్రశ్నలోనే ఏదో చమత్కారం వెతుక్కుని మురిసిపోయారు. అంతటావిడను నవ్వించిన మొనగాడంటూ బావకు ఊరంతా దండం పెట్టింది. బ్లేడుకు కడుపులో కుంపటి రాజుకుంది. చివరికి భార్య కూడా అదే చోటికి టేపు వెనక్కి తిప్పుకుని వినేది.

"మీ బావగారి గొంతులో ఏదో ఉందండీ."

"ఉంది. పక్కవాడి కష్టం ఉంది," అని టేపును టక్కున ఆపేశాడు.

క్యాసెట్లు పోయాయి, పత్రిక మూతపడింది, కాపీలు తీసే యంత్రం పాత ఇనుముకు పోయింది. కుంపటి మాత్రం ఆరలేదు.

ఆఖరిసారి కలిసినప్పుడు బావ తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, ఇన్నేళ్లూ అడగలేక చచ్చాను. నా ఇంటర్వ్యూల్లో ఇంకెవరూ అట్లా నవ్వలేదు. ఆవిడతో ఏమన్నావురా?"

బ్లేడు చెప్పుల్లో కాళ్లు దూర్చాడు.

"అడిగింది నువ్వే కదా బావా, ఊరంతా విన్నారు. నన్నడుగుతావేంటి?"