తుపాకుల మోతలో కునుకు

ఆ రోజుల్లో మా గోదావరిఖని టాకీసుకు రెండు రకాల జనం వచ్చేవారు. సినిమా చూడటానికి వచ్చేవారు ఒక రకం, నిద్రపోవడానికి వచ్చేవారు రెండో రకం. రెండో రకంలో మేమే ఎక్కువ, అంటే రాత్రి షిఫ్టు చేసి పైకొచ్చిన బాయి కార్మికులం. (బొగ్గు గనిని మా వైపు బాయి అనే అంటారు, నీళ్లు తోడుకునేది అనుకునేరు.) ఇరుకు క్వార్టర్లో పగటిపూట కన్ను మూయడం మాటలు కాదు. పక్కింటి కుక్కరు, ఎదురింటి టీవీ, పిల్లల గోల, రేకుల మీద ఎండ. టాకీసులో చీకటి ఉంటుంది, ఫ్యాను తిరుగుతుంది, లేపి మరీ పని చెప్పేవాళ్లుండరు. మేము టికెట్టు కొనేది కుర్చీకే. ఇవాళ తలుచుకుంటే నవ్వొస్తుంది, దాంతోపాటే నడుమూ నొప్పి పుడుతుంది.

మా బాపు ఒంట్లో బాగాలేక అన్‌ఫిట్ కావడంతో ఆయన నౌకరి నాకొచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. బదిలీ ఫిల్లర్‌ని. రోజూ బాయి మీదికి పోవాలి, హాజరు వేయించుకోవాలి, ఎవరు రాకపోతే వాళ్ల చోట దిగి, పేల్చిన బొగ్గును తట్టలతో ఎత్తి పట్టాల మీది టబ్బుల్లో నింపాలి. ఆ హాజరునే మస్టర్ అంటారు. మా దగ్గర పిల్లనిచ్చేవాళ్లు జాతకం కంటే ముందు దాని సంగతే అడిగేవారు: "పోరడు బాయిల దిగుతడా, మస్టర్ వడి ఇంటికస్తడా?" పైవాణ్ణి మంచి చేసుకుని, హాజరు వేయించుకుని, టోపీలైటు ముట్టకుండానే ఇంటికొచ్చి ముసుగు తన్నే ఘనులు ఒకరిద్దరు ఎక్కడైనా ఉంటారు కదా. వాళ్ల పుణ్యాన కొత్తగా చేరిన ప్రతివాడి మీదా అనుమానమే.

అలాంటి రోజుల్లో మందమర్రిలో ఉండే మా మేనత్త ఒక సంబంధం తెచ్చింది. పిల్లది రామకృష్ణాపూర్. తండ్రి రిటైరైన టింబర్‌మన్, అంటే బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పనిచేసినాయన. అన్న పోలీసు కానిస్టేబుల్, డ్యూటీ మా ఊళ్లోనే. ఆ పిల్లను అంతకుముందే ఒక పెళ్లి భోజనాల దగ్గర చూశాను. చాలు చాలు అంటున్నా వినకుండా నా విస్తట్లో పప్పు గుమ్మరించి నవ్వింది. ఆ నవ్వు నాతోపాటు రోజూ బాయిలోకి దిగేది. ఈ సంబంధం తప్పిపోతే ఇక బతకలేననే అనుకున్నాను. (ఆ వయసులో అందరూ అలాగే అనుకుంటారు, తర్వాత శుభ్రంగా బతుకుతారు.)

కానిస్టేబుల్ అన్నకు అప్పట్లో ఒక హిందీ సినిమా పిచ్చి పట్టింది. నిజాయితీపరుడైన పోలీసు అధికారి ఒకడు లంచగొండి మంత్రులనీ, వాళ్ల అడుగులకు మడుగులొత్తే పైఅధికారులనీ ఒంటిచేత్తో చితకబాదే సినిమా అది. మా టాకీసులో ఆడినన్నాళ్లూ డ్యూటీ లేని పూటంతా ఆయన అక్కడే. మీసం మారింది, నడక మారింది. చౌరస్తాలో ఆటోను ఆపినా సరే, నల్లద్దాలు తీసి, కాసేపు గుడ్లురిమి చూసి, మళ్లీ పెట్టుకునేవాడట. ఆయన మా మేనత్త చేత నాకు కబురు పంపాడు. "పోరన్ని నాతోని సినిమాకు రమ్మనుండ్రి. గా సినిమా సూసినంక ఏం మాట్లాడుతడో దాన్నివట్టి మనిషి ఈమాను ఎరుకైతది. మస్టర్ వడి ఇంటికచ్చి పండుకునేటోనికి నా చెల్లెనియ్య." (ఈమాను అంటే నిజాయితీ.)

ఆయన సెలవు పెట్టుకున్న రోజే నా వారం రోజుల రాత్రి షిఫ్టుల్లో ఆఖరిది ముగిసింది. పొద్దున పైకొచ్చి సబ్బు అరిగేదాకా రుద్దుకున్నాను, రెప్పల అంచున బొగ్గు మాత్రం పోలేదు. అది ఎప్పుడూ పోదు. అవ్వ, అంటే మా అమ్మ, కొత్త చొక్కా తొడిగించి, కాబోయే పెళ్లికొడుకునన్న ప్రేమతో కడుపు పగిలేలా అన్నం పెట్టింది. అదే నా కొంప ముంచింది. టాకీసు గేటు దగ్గర అన్న నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఏంది తమ్మీ, కండ్లకు కాటుక వెట్టినవ్?" అన్నాడు. "బొగ్గే అన్నా" అన్నాను. "ఊఁ" అన్నాడు. ఆ ఊఁలో నా మీద సగం కేసు రాసేశాడని అప్పుడే అర్థమైంది.

తెర మీద బూట్లు కనబడ్డాయి. జనం ఈలలు వేశారు. బూట్ల పైన మనిషి కనబడేలోపే నా కళ్లు మూతలు పడ్డాయి. తొడ గిల్లుకున్నాను, నాలుక కొరుక్కున్నాను, పక్కనున్నది నా బతుకును తేల్చే మనిషని గుర్తు చేసుకున్నాను. అంతలో కాల్పులు మొదలయ్యాయి. నిజానికి కాల్పులకు ఎవరైనా ఉలిక్కిపడి లేస్తారు. మా ఫిల్లర్ల సంగతి వేరు. బాయిలో బొగ్గును మందు పెట్టి పేల్చినప్పుడు ఆ పొగ పోయేదాకా మేము దూరంగా వెళ్లి కూర్చోవాలి. షిఫ్టు మొత్తంలో నడుము వాల్చేది ఆ కాస్సేపే. అంచేత ఢామ్మన్న చప్పుడు వినబడితే చాలు, నా ఒంటికి అది విశ్రాంతి గంట. ఆ అధికారి ఎంతమందిని కాల్చాడో తెలియదు గానీ, ప్రతి తూటాకూ నేను ఇంకాస్త హాయిగా నిద్రలోకి జారిపోయాను.

మెలకువ మాత్రం చప్పుడు ఆగినప్పుడు వచ్చింది. చప్పుడు ఆగిందంటే మాకు మళ్లీ పని. తెర మీద ఆ అధికారి చచ్చిపోయిన స్నేహితుణ్ణి ఒళ్లో పెట్టుకుని మౌనంగా కూర్చున్నాడు. హాలంతా ముక్కులు ఎగబీలుస్తోంది. ఆ నిశ్శబ్దంలో నేను దిగ్గున లేచి నిలబడి, "కాకా, పొగ పోయిందా?" అని గట్టిగా అడిగి, కుర్చీ కింద తట్ట కోసం వెతకడం మొదలుపెట్టాను. ముందు వరుసవాళ్లంతా వెనక్కి తిరిగారు. వాళ్లలో మా బాయివాడెవడో పకపకా నవ్వాడు. అన్న మాత్రం నవ్వలేదు.

బయటికొచ్చాక చాయ్ హోటల్లో నన్ను గోడవైపు కూర్చోబెట్టాడు. "చెప్పు, ఆఖర్కి మంత్రిని ఏం చేసిండు?" అని అడిగాడు. ఇలాంటి సినిమాల్లో ఏం చేస్తారో తెలియనిదేముంది? "జైల్ల ఏసిండు గదా అన్నా!" అన్నాను ధైర్యంగా. "మంత్రి ఇంటర్వెల్‌కు ముంగటనే సచ్చిండు" అన్నాడు ఆయన. తర్వాత నల్లద్దాలు తీశాడు. "నోరు తెరువ్" అన్నాడు. తెరిచాను. వాసన చూశాడు. అవ్వ చేతి మామిడికాయ పచ్చడి తప్ప ఏ ఆధారమూ దొరకలేదు. "తాగలే. మరి పొగ పొగ అనుకుంట ఎందుకు లేసినవ్? గంజాయి గిట్ల పీలుస్తున్నవా?" చెబుదామనుకున్నాను. కానీ నిద్రమత్తులో ఆ క్షణాన నా పేరడిగినా చెప్పగలిగేవాణ్ణి కాదు.

సాయంత్రానికి మేనత్త ఏడుపు మొహంతో వచ్చింది. "వాళ్లు వద్దంటున్నరు కొడుకా. పోరని నడత మంచిగ లేదని ఆ పోలీసాయన ఇంట్ల చెప్పిండట" అంది. అవ్వ పొయ్యి దగ్గర కూలబడింది. నేను మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాను. వారం రోజుల నిద్ర బాకీ ఉన్నా, ఆ ఒక్క సాయంత్రం మాత్రం కునుకు రాలేదు. నిజంగా ఏడ్చాను.

మర్నాడు పిల్ల తండ్రి కొడుకును వెంటబెట్టుకుని స్వయంగా మా క్వార్టర్‌కు వచ్చాడు. మా ఇంట్లోవాళ్లెవరితోనూ మాట్లాడకుండా కొడుకు వైపు తిరిగాడు. "నిద్రల ఏమన్నడో ఇంకోపారి చెప్పురా." అన్న విసుగ్గా, "పొగ పోయిందా అన్నడు" అన్నాడు. ముసలాయన నన్ను చూశాడు. "ఏ షిఫ్టు బిడ్డా?" "వారమంత నైటే మామా." ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ దగ్గు తెర వచ్చింది. (ఆ దగ్గూ బాయి ఇచ్చిందే.) "ఓరి పిచ్చోడా, మస్టర్ వడి ఇంట్ల పండుకున్నోనికి పొద్దుగాల సినిమాల నిద్రెట్లస్తదిరా? తుపాకులు చెవుల మోగుతుంటే పండుకున్నడంటే వీడు రాత్రంత బాయిలనే ఉన్నడు. పొగ ముచ్చట ఇంట్ల పండుకున్నోనికేం ఎరుక! గీ పోరన్ని మించిన ఈమాను యాడ దొరుకుతదిరా నీకు?" అన్నాడు. అన్న నల్లద్దాలు పెట్టుకుందామని జేబులో చెయ్యి పెట్టి, ఎందుకో మానుకున్నాడు. అలా నా నిద్రే నాకు పెళ్లి చేసింది.

ఏళ్లు గడిచాయి. రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న రోజులు. మేము పని బంద్ పెట్టి బాయి గేటు ముందు కూర్చుంటే, ఎదురుగా లాఠీ పట్టుకుని బందోబస్తులో నిలబడేది మా బావే, అంటే ఆ కానిస్టేబుల్ అన్నే. మేము నినాదాలిస్తుంటే ఆయన బిగుసుకుని నిలబడేవాడు, పెదవులు మాత్రం మాతోపాటే కదిలేవి. ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి సరాసరి మా ఇంటికొచ్చాడు. మీసం సగం నెరిసింది, అప్పటికీ కానిస్టేబులే. టీవీలో అదే సినిమా వస్తోంది. "బావా, ఇయ్యాలన్న మొత్తం సూడు" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బూట్లు విప్పకుండానే గోడకు ఆనుకుని, మొదటి పాటకే గురక పెట్టాడు. కాల్పుల మోతలో కలవరిస్తున్నాడు: "జరుగుండ్రన్నా, దండం వెడత, జర జరుగుండ్రి." నిద్రలోనూ గేటు ముందు మమ్మల్ని పక్కకు జరగమని బతిమాలుతున్నాడు. ఆ గొంతు విని టీవీ సౌండు తగ్గిద్దామని లేవబోయాను. ఎప్పుడు ఒరిగానో తెలియదు, నేనూ ఆయన భుజం మీదే పడి నిద్రపోయాను.

లేచేసరికి పొద్దు వాలింది. నా భార్య ఒక్కతే ఆ సినిమాను ఆఖరిదాకా చూసిందట. "ఇంతకూ ఆ ఆఫీసర్ ఏమైండే?" అని అడిగాను. మా ఇద్దరికీ చాయ్ అందిస్తూ, ఆ పెళ్లి భోజనాల నాటి నవ్వే నవ్వింది. "ఏమైతడు, గెల్చిండు. కని ఆఖర్ల మొఖం సూస్తే మీ ఇద్దరి లెక్కనే ఉన్నడు. పాపం, ఎవలన్న ఆయనకు గింత సాప ఏస్తే బాగుండనిపిచ్చింది" అంది.