ఒండ్రుమట్టి రంగు పిల్ల

పౌడరు డబ్బా మూత తీసిన వాసన తగిలితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొన్న అమలాపురంలో మా అమ్మాయి స్కూలు వార్షికోత్సవానికి వెళ్ళి, వేషాలు వేసే గదిలో అడుగుపెట్టానో లేదో గుప్పున అదే వాసన. వెంటనే సులోచన టీచరుగారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి చాలాకాలమైంది. ఉండి ఉంటే ఆ గదిలో వాళ్ళకు మూడి ఉండేది.

నాటకం ‘గవ్వల రాణి’. పిల్లలకు తరతరాలుగా చెబుతున్న కథే. సముద్రం ఓ ఊరి పిల్లల మాటలన్నీ ఎత్తుకుపోయి గవ్వల్లో దాచేస్తుంది. కూలివాళ్ళ పిల్ల ఒకతె నది అడుగునే సముద్రం దాకా నడిచి వెళ్ళి వాటిని తెస్తుంది. దారిలో కాపలా చేపలుంటాయి. ఆ పిల్లది ఒండ్రుమట్టి రంగు. చేపలు వచ్చినప్పుడల్లా మట్టికి అతుక్కుని పడుకుంటే ఇక కనబడదు. కథంతా ఆ రంగు మీదే నడుస్తుంది. ఈ మధ్య దాన్ని కార్టూన్ సినిమా తీశారు. ఇంకేముంది, బ్యాగుల మీద ఆ పిల్లే, నీళ్ళ సీసాల మీద ఆ పిల్లే, పుట్టినరోజు కేకుల మీదా ఆ పిల్లే. తీరా చూస్తే పాలమీగడలా తెల్లగా మెరిసిపోతోంది! మట్టిలో ట్యూబులైటు పడుకున్నట్టుంటే చేపలకు కళ్ళు లేవా? అంత డబ్బు పోసి తీసినవాళ్ళలో ఒక్కరికీ ఆ అనుమానం రాలేదు.

మాది రాజోలు దగ్గర పల్లె. అమ్మానాన్నలు పొలం పనికి వెళ్ళేవారు. సులోచన టీచరుగారు మాకు మూడో తరగతి చెప్పేవారు. సుద్దముక్క దుమ్ము పడక ఎప్పుడూ చేతిలో తడి తువ్వాలు పట్టుకుని ఉండేవారు. కథ చెబుతూ చెబుతూ ఆగి, “ఇప్పుడా పిల్ల ఏం చెయ్యాలర్రా?” అని మమ్మల్నే అడిగేవారు. తప్పు చెబితే పిల్ల చేపలకు దొరికిపోయినట్టే, కథ మళ్ళీ మొదటికి. మాకు ఏడుపొచ్చినా ఆవిడ కనికరించేవారు కాదు. నాకు ఆలోచించడమంటూ వస్తే అది ఆవిడ మొండితనం వల్లే వచ్చింది.

ఆ ఏడు స్కూలు పండగకు ఆ కథే నాటకం వేయించి, నాకు ఆ పిల్ల వేషమిచ్చారు. హెడ్మాస్టరుగారు పౌడరు డబ్బా పట్టుకొచ్చారు.

“పెద్దోళ్ళు వస్తన్నారు టీచరుగారూ, పిల్లకి కాస్త తెల్లగా రాయండి.”

“ఎందుకండీ?” అన్నారు టీచరుగారు.

“బావుంటదని...”

“మొదటి చేపే పట్టేసుకుంటదండి. నాటకం అక్కడితో ఆపేసి ఇళ్ళకి పోదామా మేష్టారూ?”

ఆయన డబ్బా పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయారు. నది మట్టి అనిపించేలా వెనక కట్టిన గోనెపట్టాకు అతుక్కుని నేను నిలబడితే, జనంలోంచి ఓ పిల్లాడు “ఏదీ, పిల్లేదీ?” అని అరిచాడు. ఆ అరుపంత తియ్యటి మాట నా జన్మలో వినలేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు టీచరుగారు నా భుజం మీద చెయ్యి వేసి, “ఇలాంటోళ్ళు పెద్దయ్యాక కూడా వస్తారే నీకు. ఎందుకండీ అని అడుగు. మర్యాదగానే అడుగు. మానకు మాత్రం,” అన్నారు.

వచ్చారు. మా అమ్మాయికి నా రంగే. నాటకమంతా కంఠతా వచ్చినా, రిహార్సల్సులో దాన్ని నాచు గుంపులో నిలబెట్టారు. వెళ్ళి ఎందుకండీ అని అడిగాను.

“పాపకి డైలాగులన్నీ వచ్చండి, కాదనను,” అన్నాడు డాన్సు మాస్టరు. “సినిమాలో అమ్మాయి తెల్లగా ఉంటది కదండీ మరి.”

కోపం నషాళానికి అంటింది. అయినా టీచరుగారిని తలుచుకుని, అక్కడే నిలబడి కథంతా మొదటినుంచి చెప్పాను. చేపల దగ్గర ఆగి, ఇప్పుడేం చెయ్యాలండీ అని అతన్నే అడిగాను. “ఆయ్, మీ పాపకే ఇద్దామండి,” అన్నాడు. గెలిచాననుకున్నాను. నా పిచ్చిగానీ, వేషం ఇచ్చారు, పౌడరు మానలేదు.

గదిలో అద్దం ముందు కూర్చుని ఉంది మా అమ్మాయి. నుదుటి నుంచి మెడ దాకా సున్నం కొట్టినట్టు పూశారు. కళ్ళు మాత్రమే దానివి. నన్ను చూడగానే, “దొరికిపోతాను కదమ్మా!” అంది. మేకప్ ఆవిడ ఇంకో పూత పెట్టబోయింది. నేను నోరు తెరిచేలోగా మా అమ్మాయే ఆవిడ వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగింది.

“ఎందుకండీ?”

నేను తువ్వాలు తడిపి మా అమ్మాయి చేతికిచ్చాను.